వృద్ధాశ్రమం బిల్లులు నాలుగు నెలలుగా రావడం లేదు, సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పడటం లేదు

ప్రశ్న (కావలి నుంచి):
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా, చిన్న సంస్థలకు రావలసిన బాకీలపై ఫిర్యాదులు తీసుకునే సమాధాన్ పోర్టల్ ముందే కూర్చున్నాను, దరఖాస్తు ముందుకు సాగలేదు. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వృద్ధాశ్రమానికి రెండేళ్లుగా సరఫరా చేస్తున్నాను. నాలుగు నెలల బిల్లులు ఆగిపోయాయి. అడిగితే ప్రభుత్వ గ్రాంటు రాలేదంటున్నారు. ముసలివాళ్ల పూట ఆపడానికి మనసు ఒప్పదు, బియ్యం కొట్టులో అప్పు పెరిగిపోతోంది. ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. దారి చెప్పగలరు.

ఒంగోలు నుంచి:
ఏం సరఫరా చేస్తున్నారో రాయలేదు. ఉద్యమ్ పత్రంలో ప్రధాన కార్యకలాపం ఏమని ఉందో చూసి చెప్పండి.

నెల్లూరు నుంచి:
అంతకంటే ముందు మీ బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉందా? 2022 జనవరి నుంచి అది తప్పనిసరి. వృద్ధులకు పెట్టే తిండి విషయంలో ఈ శ్రద్ధ లేకపోవడం నన్ను చాలా బాధిస్తుంది. వంట చేసేవారికి వైద్య పరీక్షలు, నీటి పరీక్ష కూడా వదలకూడదు.

ప్రశ్న వేసినవారు:
నంబరు ఉందండీ. మధ్యాహ్నం, రాత్రి వండి పంపుతాము. నెలసరుకులు కూడా మేమే వేస్తాము. పత్రంలో ‘వ్యాపారం’ అని ఉంది.

కనిగిరి నుంచి:
గ్రాంటు మీద నడిచే సంస్థ దగ్గర ఆగిన సొమ్మును బాకీ అనకూడదు, సర్దుబాటు అనాలి. వాళ్లూ సేవే చేస్తున్నారు.

ఒంగోలు నుంచి:
బాకీయే. గ్రాంటు సంస్థకూ ప్రభుత్వానికీ మధ్య ఉన్న మాట, బిల్లు ప్రశ్న వేసినవారికీ సంస్థకూ మధ్య ఉన్నది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం డబ్బిచ్చి సరుకైనా సేవైనా తీసుకునే ఎవరైనా కొనుగోలుదారే, ట్రస్టుకు మినహాయింపు లేదు. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలుపుతూ చక్రవడ్డీ పడుతుంది.
ప్రశ్న వేసిన మీ చిక్కు వేరు. మీ పత్రంలో ‘వ్యాపారం’ అని ఉంది, అంటే కొని అమ్మడం. కొని అమ్మేవారిని 2021 జులైలో ఉద్యమ్‌లో చేర్చుకున్నా, వారికి దక్కేది ప్రాధాన్య రంగ రుణాల ప్రయోజనమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ లేదు. వండి పెట్టడం సేవ కిందికి వస్తుంది. కాబట్టి 56తో మొదలయ్యే ఆహార సేవల కోడ్‌ను ఉద్యమ్‌లో చేర్పించి, ఇక మీదట భోజనాలకు ఒక బిల్లు, నెలసరుకులకు వేరే బిల్లు రాయండి.

కనిగిరి నుంచి:
సర్దుబాటు అన్నది వాళ్లు తప్పించుకోవడానికి కాదు, మాట తెగిపోకూడదని అన్నాను.

ప్రశ్న వేసినవారు:
ఇన్నాళ్లూ రెండూ ఒకే బిల్లులో రాశాను. కోడ్ ఇప్పుడు చేరిస్తే పాత నాలుగు నెలలకు పనికొస్తుందా?

ఒంగోలు నుంచి:
నమోదుకు ముందు జరిగిన సరఫరాకు ఈ రక్షణ వర్తించదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు నమోదు ముందే ఉంది, కోడ్ మాత్రమే తప్పు. దాన్ని ఈ ఫిర్యాదులు విచారించే మండలి ఎలా చూస్తుందో ఒక వకీలును అడగండి. ఈలోగా భోజనాల లెక్క విడిగా తీసి, అందినట్టు ఆశ్రమం సంతకం చేసిన చీటీలన్నీ జత చేసి, సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

ప్రశ్న వేసినవారు:
చీటీలు కొన్నే ఉన్నాయి. రేపు వెతుకుతాను. కృతజ్ఞతలండీ.