కీటకాలు గుంపు కట్టడాన్ని నమూనాగా రాసేటప్పుడు లాభాన్ని ఎలా చేర్చాలి?

ప్రశ్న

కీటకాలు ఒకచోట ఎందుకు గుమిగూడతాయో అర్థం చేసుకోవడానికి చిన్న సిమ్యులేషన్ ఒకటి రాస్తున్నాను. గళ్ళుగా విభజించిన తలంపై ప్రతి పురుగూ తోచిన దిక్కుకు అడుగు వేస్తుంది. పక్క గడిలో తన జాతి పురుగు ఉంటే అక్కడే ఆగిపోయే సంభావ్యత కొంత పెరుగుతుంది. ఈ ఒక్క నియమంతోనే గుంపులు ఏర్పడుతున్నాయి. అయితే గుంపులో చేరినందువల్ల పురుగుకు ఒరిగేదేమిటన్నది ఇందులో ఎక్కడా లేదు. గుంపు ఎంత పెద్దదైతే లాభం అంత ఎక్కువని రాసి, లాభమున్న వైపుకే పురుగులు కదిలేలా చేస్తే, చివరకు అన్నీ ఒకే ముద్దగా మారుతున్నాయి. లాభాన్ని ఏ రూపంలో చేర్చాలి?

మొదటి జవాబు

మీ నమూనాలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పురుగులు ఏ నియమాన్ని అనుసరించి గుమిగూడతాయన్నది ఒకటి, ఆ స్వభావం తరతరాలుగా ఎందుకు నిలిచిందన్నది మరొకటి. పురుగు లాభాన్ని లెక్కగట్టి అడుగు వేయదు. ఆ లెక్క చూసేది ప్రకృతి వరణం. కాబట్టి మీ మొదటి నియమాన్ని తీసేయకండి, దానికి చోటు పరిమితిని జోడించండి.

జర్మన్ బొద్దింకలపై 2006లో వెలువడిన పరిశోధన ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. 50 బొద్దింకలకు ఒక్కొక్కటి 40 పట్టే మూడు గూళ్ళు ఇస్తే, అవి ఒకదాన్ని నింపి మిగిలినవి మరోదానికి పోవడం కాకుండా, రెండింటిలో 25 చొప్పున సర్దుకుని మూడోదాన్ని ఖాళీగా వదిలేశాయి. అన్నిటికీ చోటున్న పెద్ద గూళ్ళు ఇచ్చినప్పుడు ఒక్కదానిలోకే చేరాయి. నాయకుడు లేడు, సంప్రదింపులు లేవు. గూటిలో తోటివి ఎక్కువయ్యేకొద్దీ విడిచిపోయే సంభావ్యత తగ్గుతుంది, చోటు నిండేకొద్దీ లోపలికి చేరే సంభావ్యత తగ్గుతుంది. ఈ రెండు నియమాలతోనే ఆ పంపకం వస్తుంది.

రెండో జవాబు

పై మాటతో ఏకీభవిస్తూ లాభం సంగతి చెబుతాను. "లాభం" అనే ఒకే సంఖ్య పెట్టకుండా, అది ఏ దారిన వస్తుందో ముందు తేల్చుకోవాలి. నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించే ఉదాహరణ గలపాగోస్ దీవుల వద్ద సముద్రపు నీటిపై తిరిగే హాలోబేటిస్ పురుగులది. 1981లో ఫాస్టర్, ట్రెహర్న్ అనే పరిశోధకులు వాటి గుంపులపై చేపల దాడులను లెక్కించారు. చేపలు కింది నుంచి వస్తాయి కనుక, ఎక్కువ కళ్ళున్నంత మాత్రాన గుంపు ముందుగా పసిగట్టి తప్పించుకోవడం కుదరదు. గుంపు చిన్నదైనా పెద్దదైనా దాడుల సంఖ్య పెద్దగా మారలేదు; అందువల్ల ఒక్కో పురుగుకు ముప్పు గుంపు పరిమాణంతో పాటే పలచబడింది.

దీన్ని నమూనాలో ఇలా రాయవచ్చు: N పురుగుల గుంపుపై జరిగే దాడులు Nకు a ఘాతంగా పెరుగుతాయనుకుంటే, ఒక్కో పురుగుకు ముప్పు Nకు a−1 ఘాతంగా ఉంటుంది. a విలువ 1 కంటే తక్కువైతే గుంపు రక్షణ. 1 దాటితే, అంటే పెద్ద గుంపు వేటగాళ్ళను విపరీతంగా ఆకర్షిస్తే, గుంపే ప్రమాదం. ఇంకొక్క విషయం: 1971లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ చూపినట్టు, గుంపులో అంచున ఉన్నదానికీ నడుమ ఉన్నదానికీ ముప్పు సమానం కాదు. సగటు మాత్రమే తీసుకుంటే ఈ తేడా కనిపించకుండా పోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లాభానికి తిండి కోసం పోటీని కూడా జోడిస్తే ఒక పరిమాణం దగ్గర తలసరి లాభం శిఖరానికి చేరి తర్వాత తగ్గుతోంది. గుంపులన్నీ ఆ శిఖరం దగ్గర ఆగుతాయని భావించవచ్చా?

మూడో జవాబు

భావించకూడదు. ఒంటరి పురుగు తలసరి లాభం 1 అనీ, 10 పురుగుల గుంపులో అది 3 అనీ, 25 దగ్గర మళ్ళీ 1కి దిగుతుందనీ అనుకోండి. పదకొండో పురుగు వచ్చి చేరితే ఉన్నవాటికి నష్టమే. కానీ దానికి మాత్రం ఒంటరిగా ఉండటం కంటే చేరడమే మేలు. కాబట్టి అడ్డుకునేవారు లేకపోతే గుంపు 25 వైపుకే పెరుగుతుంది. ఉత్తమ పరిమాణం స్థిరంగా ఉండదని సిబ్లీ అనే జీవశాస్త్రవేత్త 1983లోనే చూపించారు. పురుగు రెండు గుంపుల మధ్య ఎంచుకోగలిగితే ఫలితం వేరుగా ఉంటుంది.

పైగా లాభం మొదటి తోడుతోనే మొదలుకానక్కరలేదు. పైన్ చెట్లను తొలిచే బెరడు పురుగులు కొద్దిగా వస్తే చెట్టు జిగురు కార్చి వాటిని ముంచేస్తుంది. వాసన సంకేతంతో పెద్దసంఖ్యలో కూడినప్పుడే చెట్టు లొంగుతుంది. చెట్టు నిండాక వెలువడే మరో వాసన కొత్తవాటిని దూరం పెడుతుంది. మీరు ఈ జాతినే తీసుకుంటే చేరమనే సంకేతాన్నీ, ఆగమనే సంకేతాన్నీ రెండు వేర్వేరు చరాలుగా పెట్టి నడపండి. మీ ముద్ద అప్పుడు విడిపోవాలి.