స్క్రిప్ట్ ఎర్రర్ వస్తే ఆగాలా, దాటేసి పోవాలా?

పర్లాకిమిడి కార్డులు:
మాది పెళ్లికార్డుల షాపు. కార్డుకి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. ఇల్లస్ట్రేటర్‌లో (డిజైన్ సాఫ్ట్‌వేర్) పేర్లు మార్చడానికి స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాము) రాసుకున్నాను, సెలెక్ట్ చేసినవాటిని ఒక్కోటీ తీసుకుని కంటెంట్స్‌లో, అంటే వాటి అక్షరాల్లో, పాత పేరు బదులు కొత్తది పెడుతుంది. తెలుగు వైపు బాగానే నడుస్తోంది, ఒడియా వైపుకి వచ్చేసరికి 'అన్‌డిఫైన్డ్ ఈజ్ నాట్ యాన్ ఆబ్జెక్ట్' అని ఆగిపోతోంది. మొత్తం ట్రై-క్యాచ్‌లో (ఎర్రర్ వచ్చినా ఆగకుండా పట్టుకుని ముందుకెళ్లే ఏర్పాటు) పడేయమంటున్నాడు మా తమ్ముడు. పడేయనా?

గుణుపురం ఫ్లెక్స్:
పడేయండి. మాఘమాసంలో కౌంటరు దగ్గర జనం నిలబడి ఉంటే ఎర్రర్లు చదువుతూ కూర్చుంటామా?

రాయగడ డీటీపీ:
వద్దు బాబూ. ఆ ఒడియా మేటరు ఎవరో ఫాంటు గొడవ లేకుండా అవుట్‌లైన్స్ చేసి, అంటే అక్షరాల్ని బొమ్మల్లాంటి గీతలుగా మార్చి, పంపి ఉంటారు. అలా చేస్తే అది టెక్స్ట్‌ఫ్రేమ్ (అక్షరాల పెట్టె) కాదు, గ్రూప్‌ఐటమ్ (కలిపి కట్టిన గుంపు). దానికి కంటెంట్స్ ఉండదు, అడిగితే అన్‌డిఫైన్డ్ (ఏమీ లేదు) అని ఇస్తుంది, దాని మీద రీప్లేస్ అంటే మీ ఎర్రరు. ట్రై-క్యాచ్ పెడితే ఎర్రరు కనబడదు, పాత పేరు మాత్రం అలాగే ఉంటుంది. తెలుగు వైపు ఈ పెళ్లికొడుకు, ఒడియా వైపు పోయిన నెల పెళ్లికొడుకు!

గుణుపురం ఫ్లెక్స్:
ప్రూఫ్ చూసుకోరా ఏంటి? మీరు టైప్‌నేమ్ (అది ఏ రకం వస్తువో చెప్పే పేరు) చూసి టెక్స్ట్ కానిదాన్ని దాటేసినా జరిగేది అదే కదా.

రాయగడ డీటీపీ:
అదే కాదు. నేను దాటేసినవి లెక్కపెట్టి చివర్లో అలర్ట్ ఇస్తాను, ఇన్ని గ్రూపులు, ఇన్ని రాస్టర్‌లు (ఫొటోల్లాంటి బొమ్మలు) వదిలేశానని. పైగా గ్రూపులో అసలు టెక్స్టే ఉండొచ్చు, మనమే కంట్రోల్-జి కొట్టి గ్రూప్ చేసి మర్చిపోయి ఉంటాం. గ్రూప్ అని తెలిస్తే దాని పేజ్‌ఐటమ్స్‌లోకి (లోపలున్న వస్తువుల్లోకి) దిగి వెతకొచ్చు. క్యాచ్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

పర్లాకిమిడి కార్డులు:
ఎర్రర్ వచ్చే లైనుకి ముందు టైప్‌నేమ్ అలర్ట్ పెట్టి చూశాను, గ్రూప్‌ఐటమే. కానీ మధ్యలో ఒకసారి తెలుగు వైపు కూడా ఆగింది.

రాయగడ డీటీపీ:
టైప్ టూల్‌తో కొన్ని అక్షరాలు సెలెక్ట్ అయి ఉండగానే రన్ చేశారేమో. అప్పుడు సెలెక్షన్ అనేది లిస్టు కాదు, టెక్స్ట్‌రేంజ్ (వరుస అక్షరాల ముక్క). దాని లెంగ్త్ అంటే అక్షరాల లెక్క, మీ లూప్ (ఒక్కోటీ తీసుకునే భాగం) దాన్నే నమ్ముకుని తిరుగుతుంది. మొదట్లోనే అది కూడా చూసుకోండి.

గుణుపురం ఫ్లెక్స్:
సరే, టైపు విషయంలో ఒప్పుకున్నా. ఫైలు తెరిచేచోట, సేవ్ చేసేచోట మాత్రం నా ట్రై-క్యాచ్ తీయను, పెన్‌డ్రైవ్ ఎప్పుడు ఊడుతుందో ఎవరు చెప్పగలరు.

రాయగడ డీటీపీ:
అక్కడ ఉంచాల్సిందే, దాంతో నాకు తగువు లేదు.

పర్లాకిమిడి కార్డులు:
అదే. ఎస్కేప్ కొట్టి రన్ చేస్తే తెలుగు వైపు ఆగకుండా నడిచింది. ఇక ఒడియా వైపు అవుట్‌లైన్స్ తీసేసి మళ్లీ టైప్ చేయాలి, అది మా నాన్నకే వచ్చు, ఆయనేమో భోంచేసి పడుకున్నారు.