అమ్మ నడకను ఇంట్లో ఎలా కొలవాలి?

నమస్కారమండీ. మాది విశాఖ, సీతమ్మధార. అమ్మకి 74 ఏళ్లు. షుగర్, బీపీ, మోకాళ్ల అరుగుదల, ఈమధ్య ఆయాసం కూడా. ఒక్కో డాక్టరు ఒక్కో జబ్బు చూస్తారు, నడక మాత్రం ఎవరి ఖాతాలోకీ రాలేదు.

ఫిజియోథెరపిస్టు ఒక పరీక్ష చేశారు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉందన్నట్టట. అమ్మకి 19 పట్టింది. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

హాల్లో టేపుతో 4 మీటర్లు కొలిచి, సుద్దతో గీతలు గీశాను. ఉదయం 6 సెకన్లు, సాయంత్రం 8. టైం చూడ్డానికి ఫోన్ తీస్తే చాలు, "పరీక్ష పెడుతున్నావేంట్రా" అంటూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గబగబా నడిచేస్తుంది! ఇక ఆ అంకెను ఏం నమ్మను?

ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూసే పరీక్ష కూడా ఉంది, దానికి మామూలుగా 30 మీటర్ల చదునైన దారి కావాలి. మా వీధంతా ఏటవాలే, అపార్ట్‌మెంట్ వరండా 11 మీటర్లు. అక్కడే తిప్పితే మలుపులు ఎక్కువై లెక్క తగ్గిపోదూ?

చేతికర్రతోనే కొలవాలా? ఆయాసమా, మోకాళ్లా, ఏది ఆపుతోందో ఎలా తెలుస్తుంది? ఇంట్లో పెద్దవాళ్లకి ఇలా కొలిచినవాళ్లు, ఫిజియోలు ఎవరైనా ఉంటే చెప్పండి. నగరంలో ఇవన్నీ ఒకేచోట చూసే వృద్ధుల ఓపీ ఉందా?