‘తీర్చిదిద్దిన’ గురువా, ‘దిద్దుతూ వచ్చిన’ గురువా?

చిత్తూరు సభ్యుడు: పదవీ విరమణ చేసిన ఒక తెలుగు అయివోరికి ఇక్కడ పాత విద్యార్థులు సన్మానపత్రం రాయిస్తున్నారు. పదో తరగతితో వదిలేయకుండా ఉద్యోగం, పెళ్లి, ఇల్లు కట్టడం దాకా ముప్పయ్యేళ్లుగా వాళ్లకు మంచీచెడూ చెబుతున్న మనిషి. ‘మమ్మల్ని తీర్చిదిద్దిన గురుతుల్యులు’ అని మొదలుపెట్టారు. నాకెందుకో అతకలేదు. మెంటార్ అనే అర్థం పలికేలా ఏం రాయమంటారు?

తిరుపతి సభ్యురాలు: ముందు ‘గురుతుల్యులు’ కొట్టేయండి. గురువుతో సమానమైనవారు అని దానర్థం. పాఠం చెప్పిన గురువునే పట్టుకుని గురువులాంటివారు అంటే ఎట్లా?

ఇక తీర్చిదిద్దడం. తీర్చడమూ దిద్దడమూ రెండూ చేతిపని మాటలే. బారులు తీర్చడం, ముగ్గు తీర్చడం అంటే వరుసగా, కుదురుగా అమర్చడం. దిద్దడమంటే ఉన్న గీత మీదే మళ్లీ పోవడం, వంకరుంటే సరిచేయడం. బొట్టు దిద్దుతాం, కాటుక దిద్దుతాం. మన తిరుపతి వాళ్లకు ఇంకో సౌకర్యం: నామం ‘పెట్టారు’ అంటే మోసపోయామనే అర్థం పక్కనే పొంచి ఉంటుంది, ‘దిద్దారు’ అంటే ఆ బెడద లేదు. ఈ రెండూ కలిసేసరికి పని పూర్తయిపోయిన ధ్వని వచ్చింది. బొమ్మను తీర్చిదిద్దేశాక ఇక దానిమీద ఉలి పడదు. మీ అయివోరు ఇంకా చెబుతూనే ఉన్నారంటున్నారు కదా, అతకనిది అక్కడే.

పుత్తూరు సభ్యుడు: బడి భాషలో ‘దిద్దు’కు ఒక విశేషం ఉంది. అది గురువూ శిష్యుడూ ఇద్దరూ చేసే పని. అయివోరు పలక మీద ‘అ’ రాసిస్తే పిల్లవాడు దానిమీద బలపంతో దిద్దుతాడు. నాలుగేళ్లు పోయాక పిల్లవాడు సొంతంగా రాసింది అయివోరు దిద్దుతారు. మొదటి పనిలో గురువుకు ప్రేరణార్థకం వాడాలి: ‘అక్షరాలు దిద్దించారు’. రెండోదానిలో ‘వ్యాసం దిద్దారు’. సన్మానపత్రాల్లో ‘మాకు ఓనమాలు దిద్దిన’ అని రాస్తుంటారు, అది ‘దిద్దించిన’ అని ఉండాలి.

పలక మీద దిద్దించేటప్పుడు తెలియాల్సిన కిటుకు కూడా ఇందులోనే ఉంది. పది పన్నెండు సార్లు దిద్దేసరికి గీత లావెక్కి అక్షరం రూపు పోతుంది. ఆ తర్వాత పిల్లవాడు దిద్దేది తన తప్పునే. అందుకే తడిగుడ్డతో తుడిచి మళ్లీ కొత్తగా రాసివ్వాలి. ‘వు’ దగ్గర మరీ జాగ్రత్త. ప, ఫ, వ లకు కొమ్ము అక్షరం కింది నుంచి చుట్టి పైకి రావాలి. మిగతా అక్షరాలకు పెట్టినట్టు పక్కనే తగిలిస్తే ‘వు’ కాస్తా ‘మ’ అయి కూర్చుంటుంది.

మదనపల్లె సభ్యుడు: అన్నా, అయితే ‘ఒరవడి’ అనొచ్చు కదా? ‘మా జీవితాలకు ఒరవడి’ అని.

పుత్తూరు సభ్యుడు: మంచి మాటే, కానీ పత్రికలు దాన్ని వేరే దోవ పట్టించాయి. ‘సినిమాల్లో కొత్త ఒరవడి’ అని చదివీ చదివీ ధోరణి అనే అర్థమే జనానికి మిగిలింది. అసలు అర్థం చూసి రాయడానికి గురువు పైన రాసిచ్చే వరస. దానికే ఒజ్జబంతి, మేలుబంతి అని కూడా పేర్లు.

చూచిరాతలో ఒరవడి ఎక్కడ దెబ్బతింటుందో గమనించండి. మొదటి వరస పిల్లవాడు ఒరవడి చూసే రాస్తాడు. మూడో వరస నుంచి పైనున్న తన వరసనే చూసి రాస్తాడు. పేజీ అడుగుకు వచ్చేసరికి తలకట్లు మాయమై, గుడి ఏదో గుడిదీర్ఘమేదో తెలియకుండా పోతుంది. మందు రెండు రకాలు: మూడు నాలుగు వరసలకోసారి ఒరవడి మళ్లీ రాసివ్వడం, లేదా పేజీ అడుగు వరస నుంచి పైకి రాయించడం. కింది నుంచి రాస్తే చూడ్డానికి పైన ఒరవడి తప్ప ఇంకేమీ ఉండదు. నాకైతే రెండోదే నయమనిపిస్తుంది.

తిరుపతి సభ్యురాలు: ఒజ్జబంతిలో ‘ఒజ్జ’ ఎవరో కూడా చెప్పేస్తాను. సంస్కృతంలో ఉపాధ్యాయ, ప్రాకృతంలో ఉవజ్ఝాయ, తెలుగులో ఒజ్జ. సరిహద్దు దాటితే తమిళులు ‘వాత్తియార్’ అనేదీ ఉత్తరాదిన ‘ఓఝా’, ‘ఝా’ అనే ఇంటిపేర్లూ ఈ మాట పిల్లలే. మనవైపు అయ్యవారు అయివోరయ్యాడు. సన్మానపత్రంలో ‘అయివోరు’ అని రాయడానికి మొహమాటపడకండి, పిలిచిన పిలుపే రాయండి.

మదనపల్లె సభ్యుడు: ‘గు అంటే చీకటి, రు అంటే పోగొట్టేది’ అనే వాక్యం కూడా వేద్దామా?

తిరుపతి సభ్యురాలు: భక్తితో చెప్పుకునే వివరణ అది, వ్యుత్పత్తి కాదు. గురు అంటే బరువైనది. గరిమ, గరిష్ఠం, గౌరవం ఆ కుదురువే. ఛందస్సులో ఒక మాత్ర లఘువు, రెండు మాత్రలు గురువు అన్నదీ ఆ బరువును బట్టే. వేదిక మీద చెప్పుకోండి, కాగితం మీద వద్దు.

చిత్తూరు సభ్యుడు: ఇట్లా మార్చాను: ‘పలక మీద మాచేత అక్షరాలు దిద్దించి, ఆ తర్వాత ముప్పయ్యేళ్లుగా మా బతుకుల్ని దిద్దుతూ వస్తున్న మా అయివోరికి’.

తిరుపతి సభ్యురాలు: బావుంది. ‘ఆ తర్వాత’ తీసేయండి, ‘దిద్దించి’లోనే ఆ అర్థం ఉంది.

పుత్తూరు సభ్యుడు: అయివోరు పదో తరగతికి చెప్పారంటున్నారు. మరి పలక ఎక్కడిది? ఓనమాలు దిద్దించింది వేరే ఎవరో అయ్యుంటారు. ‘మా రాతలు దిద్ది, ముప్పయ్యేళ్లుగా మా బతుకుల్నీ దిద్దుతూ వస్తున్న మా అయివోరికి’ అనండి, నిజమూ నిలబడుతుంది.

ఇంకొకటి. ఫ్లెక్సీ షాపుకు యూనికోడ్‌లో పంపుతున్నారేమో, వాళ్లు దాన్ని పాత ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి. ‘దిద్దుతూ’ వెళ్లి ‘దిదుతూ’ అని వస్తుంది. అచ్చుకు ముందు ప్రూఫు ఒకటి తెప్పించుకుని అక్షరం అక్షరం చూడండి. లేకపోతే అయివోరు శాలువా కప్పుకోకముందే జేబులోంచి ఎర్ర పెన్ను తీస్తారు.