అప్‌డేట్: యూ లేని క్యూ పదాలు దొరికాయి

ఇంగ్లీషు అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆటలో క్యూ చేతికొచ్చి యూ రాకపోతే ఏ పదం వేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందుగా పదాల జాబితాలో క్యూ ఉన్నవన్నీ ఏరి, వాటిలోంచి యూ ఉన్నవి తీసేశాను. మిగిలినవి కొద్దే, హాయిగా గుర్తుంటాయి. ఫకీర్, తలాక్ కూడా క్యూతో రాస్తే చెల్లుతాయి! అన్నిటికన్నా అక్కరకొచ్చేది మాత్రం క్యూ, ఐ కలిసిన రెండక్షరాల పదమే. క్యూకి 10 పాయింట్లు, ఐకి 1. అక్షరం విలువను మూడింతలు చేసే గడిలో క్యూ పడి, అడ్డంగానూ నిలువుగానూ అదే పదం కుదిరితే ఒక్క ఎత్తులో 62 వస్తాయి. అందరికీ ధన్యవాదాలు. ఇక వీ అక్షరం సంగతి చూడాలి. దానితో రెండక్షరాల పదం ఒక్కటీ లేదు, కాబట్టి మూడక్షరాలవి ఏరుతున్నాను.