జైరాం రమేష్‌ది నిజంగా పర్యావరణ ప్రేమేనా, లేక రాజకీయమా?

రాయగడ కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ, ఇంట్లో తెలుగు, బడంతా ఒడియా. వచ్చే వారం కాలేజీలో డిబేట్ ఉంది, ఒక పర్యావరణ మంత్రి పనితీరు మీద మాట్లాడాలి. నేను కాంగ్రెస్ నేత జైరాం రమేష్‌ని తీసుకున్నాను, మా నియమగిరి కొండల్ని వేదాంత కంపెనీ బాక్సైట్ గని నుంచి కాపాడింది ఆయనేనని చిన్నప్పట్నుంచి వింటున్నా కాబట్టి. తీరా చదవడం మొదలెడితే కొరియా కంపెనీ పోస్కో ఉక్కు ఫ్యాక్టరీకి అనుమతిచ్చిందీ ఆయనే! మా చిన్నాన్నయితే ఆయన పేరెత్తితే చాలు గయ్యిమంటాడు, ఆంధ్ర కోటాలో రాజ్యసభకెళ్లి అప్పటి ఒడిశా బీజేడీ సర్కారు మీద కక్ష తీర్చుకున్నాడంటాడు. ఏ వైపు మాట్లాడను?

గుణుపురం మాస్టారు:
బాబూ, వైపు తర్వాత, ముందు సంగతి చూడు. ఆయన పర్యావరణ శాఖలో ఉన్నది 2009 మే నుంచి 2011 జూలై దాకా, అంతే. తర్వాత కేబినెట్ హోదా ఇచ్చి గ్రామీణాభివృద్ధికి పంపేశారు. ఆ రెండేళ్లలో నా లెక్కన అన్నిటికన్నా పెద్ద పని ఎవరికీ గుర్తులేని ఒక కాగితం. 2009 ఆగస్టులో ఆయన శాఖ ఒక సర్క్యులర్ పంపింది. అడవి భూమిని వేరే పనికి ఇవ్వాలంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కుల పని ముందు పూర్తవ్వాలి, గ్రామసభ ఒప్పుకోవాలి అని. మన దగ్గర పల్లిసభ అంటాం చూడు, అదే. అంతకుముందు ఊళ్లోవాళ్లని అడిగేదెవరు?

నియమగిరి ఆగింది ఆ దారిలోనే. సుప్రీంకోర్టు 2008లోనే గనికి ఊ అనేసింది, చివరి అటవీ అనుమతే మిగిలింది. కేంద్రం వేసిన సక్సేనా కమిటీ వచ్చి కొండెక్కి చూసి, అక్కడి గిరిజనులైన డొంగ్రియా కోందుల హక్కుల్ని తొక్కేశారు, కొండ కింది వేదాంత రిఫైనరీ వాళ్లు 26 హెక్టార్లకు పైగా గ్రామ అడవిని కూడా కలిపేసుకున్నారు అని రాసింది. 2010 ఆగస్టు 24న ఈయన కాదన్నాడు. రెండు రోజులకే రాహుల్ గాంధీ లాంజిగఢ్‌లో సభ పెట్టాడు, కాబట్టి రాజకీయం లేదని నేను అనను. ఉంటే ఉండనీ, ఫైల్లో కారణాలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే నాకు కావాలి.

మోటు నుంచి:
మాస్టారూ, మీది కొండ కథ, మాది గోదారి పక్క కథ. 2010 జూలైలో, అంటే నియమగిరికి నెల ముందు, పోలవరానికి అటవీ అనుమతి ఇచ్చింది ఇదే శాఖ, ఇదే మంత్రి. ఒడిశాలో ముంపు రాకుండా కరకట్టలు కట్టాలని షరతు పెట్టారంట. మోటు వైపొచ్చి శబరి వరద చూసినోళ్లెవరైనా ఆ కరకట్టల్ని నమ్ముతారా? అప్పుడు ఆంధ్రలో ఉన్నది కాంగ్రెస్సే. తమ్ముడూ, మీ చిన్నాన్న మాట పూర్తిగా కొట్టిపారేయకు.

పర్లాకిమిడి శ్రీమతి:
కక్ష అయితే పోస్కోకి ఎందుకిచ్చాడండీ, అదీ ఒడిశాయే కదా! బీటీ వంకాయ (జన్యువులు మార్చిన వంగడం) సంగతి ఎవరూ ఎత్తలేదేం? భువనేశ్వర్, హైదరాబాద్, నాగపూర్ కలిపి ఏడు ఊళ్లలో రైతుల్నీ శాస్త్రవేత్తల్నీ కూచోబెట్టి, వాళ్ల కేకలన్నీ విని, 2010 ఫిబ్రవరిలో ఆపేశాడు. కంపెనీ మాత్రమే కాదు, కేంద్ర నిపుణుల కమిటీ సరేనన్నదాన్ని కూడా పక్కన పెట్టాడు. నాకైతే నచ్చింది. పోనీ ఇంకోటి, వంశధార, నాగావళి పుట్టేది ఆ కొండల దిక్కునే. కింద శ్రీకాకుళంలో మా పుట్టింటోళ్లు తాగేది ఆ నీళ్లే.

మునిగుడ లారీ:
నీళ్లు సరే అక్కా, కూడు? బాక్సైట్ లేక 2012 డిసెంబర్‌లో రిఫైనరీ మూసేశారు, మళ్లీ తెరిచింది 2013 జూలైలో. ఆ మధ్యలో లారీ కిస్తీలు ఢిల్లీ మంత్రి కట్టాడా? ముందు ఫ్యాక్టరీ కట్టనిచ్చి తర్వాత గని ఇవ్వం అనడం ఏం న్యాయం?

గుణుపురం మాస్టారు:
నీ కోపం న్యాయమే. గని ఖాయం కాకుండానే రిఫైనరీ లేపారు, ఆ తప్పు 2009కి ముందుది.

పోస్కో మాత్రం నేను ఆయన లెక్కలోనే రాస్తాను. 2011లో ఢింకియా, గోబిందపూర్ పల్లిసభలు వద్దని తీర్మానించాయి. అవి చెల్లవంది రాష్ట్ర ప్రభుత్వం, ఆ మాట పట్టుకుని మే 2న ఈయన అడవి ఇచ్చేశాడు. తను రాయించిన సర్క్యులర్‌ని తనే దాటేశాడు. కుర్రోడా, నీ డిబేట్ ఇక్కడుంది: మంచోడా చెడ్డోడా అని కాక, తను పెట్టిన నియమానికి ఎక్కడ కట్టుబడ్డాడు, ఎక్కడ జారాడు.

ఇంకోటి చేర్చుకో. నియమగిరిలో మంత్రి సంతకం ఒక్కటే అయితే తర్వాతోడు కొట్టేసేవాడు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లు, మన జిల్లావి 7, కలహండివి 5, పన్నెండూ వద్దన్నాయి.

రాయగడ కుర్రోడు:
చాలా థాంక్స్ మాస్టారూ. సిజిమాలి బాక్సైట్ కొండ సంగతి కూడా కలపనా? 2023లో ఆ గని కూడా వేదాంతకే దక్కింది కదా, అక్కడా పల్లిసభల గొడవే.

గుణుపురం మాస్టారు:
కలుపు, కానీ చివర్లో, రెండు నిమిషాలకు మించకుండా. అక్కడి సభల తీర్మానాల కాపీలు సంపాదించి చదివాకే మాట్లాడు.