గోడకున్న మట్టి గూళ్లు దులిపేయాల్నా, ఉంచాల్నా?

మిద్దెతోట_నల్గొండ: మెట్ల గోడకు కందిరీగలు మట్టి గూళ్లు పెట్టినయి. ఇంట్లోళ్లు స్ప్రే కొట్టి దులిపేయమంటున్రు, నాకు మనసొప్పుతలేదు. మీరైతే ఏం చేస్తరు?

పాలమూరు_రైతు: దులిపేయుండ్రి అన్నా. తాటిచెట్టు మీది కందిరీగలు లేస్తే మనుషుల పాణాలే పోయినయి. పిల్లలున్న ఇంట్ల రిస్క్ ఎందుకు?

దేవరకొండ_టీచర్: తమ్మీ, తాటిచెట్టుయి వేరే. అవి గుంపుగ బతుకుతయి, గూడు జోలికి పోతే అన్నీ కలిసి మీద పడ్తయి, దూరముండాల్సిందే. మట్టి గూడుది ఒంటరిది, ఒక్క ఆడదే తడిమట్టి ఉండలు నోట పట్టుకొచ్చి కడ్తది, గూటికి కావలి ఉండది, చేత్తో పట్టి నలిపితే తప్ప కుట్టది. నల్లటి ఒళ్లు, పసుపు కాళ్లు, దారమంత సన్నటి నడుము ఉంటే అది సాలీళ్లను పట్టేది. గూడు చిన్న కుండ తీరు మూతి తిప్పి ఉంటే పచ్చపురుగులను పట్టేది. బూడిద రంగు కాగితం గదుల మీద చాలా కలిసి ముసిరి ఉంటే మాత్రం అది గుంపుది, దగ్గరికి పోవద్దు.

రాలిపడ్డ గూడొకటి పలగ్గొట్టి సూశ్న, అర నిండా సాలీళ్లు, చావలే, కాళ్లు మెల్లగ కదుల్తున్నయి. కుట్టి పడేస్తది గాని చంపది, చంపితే కుళ్లుతయి గదా, గుడ్డు పొదిగి పిల్ల తినేదాక తాజాగ ఉండాలె. మన పెద్దల భ్రమరకీటక న్యాయం ఇదే, లోపల పెట్టిన పురుగే కందిరీగ అయిందనుకున్నరు.

పాలమూరు_రైతు: సాలీళ్లు చేనుకు మంచియే గద మేడం, వాటిని పట్టుకపోతే లాభమేంది? మా బోరు స్టార్టర్ డబ్బాల కూడా గూడు పెట్టింది, తీయొద్దంటరా?

దేవరకొండ_టీచర్: సాలీళ్ల మాట ఒప్పుకుంట, దాన్ని లాభం కింద లెక్కేస్తలేను. కుండ గూడుది మాత్రం ఆకులు తినే పురుగులను ఎత్తుకపోతది, తోటకు అదే మేలు. స్టార్టర్ డబ్బాలది మెయిన్ బంద్ చేసి గీకేయి, ఆలోచించొద్దు. 1996ల డొమినికన్ రిపబ్లిక్ కాడ విమానం కూలి 189 మంది పోయిండ్రు, వేగం కొలిచే గొట్టం మూసుకపోయింది, మట్టి కందిరీగ గూడే అయ్యుంటదని అనుమానపడ్డరు. గోడ మీదిది ఎవరికి అడ్డం?

మిద్దెతోట_నల్గొండ: మరి ఎప్పుడు తీయొచ్చు మేడం? గోడ మరకలైతున్నది.

దేవరకొండ_టీచర్: గుండ్రటి బొక్క పడ్డ అర అంటే పిల్ల ఎగిరిపోయినట్టే. అన్నిటికీ పడ్డంక నీళ్లతోని తడిపి గీకుండ్రి, వస్తది.